రాత్రంతా లెక్కలు చేసే ప్రాసెసర్‌కు ఎంత క్యాబినెట్ కావాలి?

ప్రశ్న (తిరుపతి నుంచి ఒక పరిశోధక విద్యార్థిని): వాతావరణ శాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. డబ్ల్యూఆర్‌ఎఫ్ అనే వాతావరణ నమూనాను నా గదిలోని కంప్యూటర్ మీదే నడుపుకోవాలని నా ఉద్దేశం. ఒక్కో లెక్క పది పన్నెండు గంటలు, కొన్నిసార్లు రెండు రోజులు కూడా ఆగకుండా సాగుతుంది. నాది అద్దె గది, ఏసీ లేదు, బల్ల మీద పుస్తకాలు పోగా మిగిలే చోటు తక్కువ. గది మారినప్పుడల్లా మోసుకెళ్లాలి కనుక చిన్న క్యాబినెట్ (కంప్యూటర్ భాగాలన్నీ ఇమిడే పెట్టె) కావాలి. 16 కోర్ల (అంటే ఒకేసారి లెక్కలు చేసే 16 భాగాలున్న) రైజెన్ 9 7950ఎక్స్ ప్రాసెసర్‌ను పది లీటర్ల లోపు క్యాబినెట్‌లో పెట్టించుకోవాలనుకున్నాను. గ్రాఫిక్స్ కార్డు అవసరం లేదు. దుకాణంవారు ఏమీ కాదంటున్నారు, స్నేహితులు ప్రాసెసర్ కాలిపోతుందంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: ప్రాసెసర్ కాలిపోదు. రైజెన్ 7000 వరుసలో మీరు చెప్పిన ప్రాసెసర్ 95 డిగ్రీల సెల్సియస్ చేరగానే తనంతట తానే వేగం తగ్గించుకొని ఆ గీత దాటకుండా చూసుకుంటుంది. ఆ వేడి దగ్గర నడవడం దానికి హాని కాదని తయారీదారైన ఏఎండీయే చెప్పింది. కాబట్టి దుకాణంవారు అబద్ధం చెప్పలేదు. అయితే ఏసీ లేని తిరుపతి గదిలో, మే నెలలో, పది లీటర్ల లోపు పెట్టెలో ఆ ప్రాసెసర్‌ను రెండు రోజులు ఏకబిగిన నడిపితే మీరు డబ్బు పోసి కొన్న వేగంలో కొంత భాగం మీకు దక్కనే దక్కదు, ఫ్యాను రొద మాత్రం రెండు రోజులూ భరించాలి. అందుకే క్యాబినెట్ చూసేటప్పుడు అందులో ప్రాసెసర్ పడుతుందా అని కాకుండా, మొదటి నిమిషంలో ఉన్న వేగం పదో గంటలో కూడా నిలుస్తుందా అని చూడమంటాను.

ఈ రెండింటికీ మధ్య తేడా ఎందుకు వస్తుందో ముందు చెబుతాను. పని మొదలైన కొద్ది నిమిషాలపాటు ప్రాసెసర్ వేడిని దాని మీద బిగించే కూలర్‌లోని రాగి, అల్యూమినియం రేకులు తమలోనే దాచుకుంటాయి. చెరువు నిండేదాకా తూము ఎంత సన్ననిదో ఎవరికీ తెలియనట్టే, ఆ లోహం వేడెక్కేదాకా క్యాబినెట్ ఇరుకు బయటపడదు. నిండిన తరువాత లెక్కలోకి వచ్చేది ఒక్కటే: గంటకు ఎంత గాలి లోపలికి వచ్చి, ఎంత వేడిని మోసుకొని బయటికి పోతున్నది. పది నిమిషాల పరీక్ష చేసి రాసిన సమీక్షలు ఆటలాడేవారికి పనికొస్తాయి కానీ మీ అవసరానికి సరిపోవు. అరగంట దాటిన తరువాతి అంకెలు ఇచ్చిన సమీక్షలనే చదవండి, అందులో గది ఉష్ణోగ్రత ఎంతో రాశారా లేదా చూడండి. ఇరవై రెండు డిగ్రీల గదిలో చేసిన పరీక్షలో ప్రాసెసర్ 80 డిగ్రీలు చూపితే, 38 డిగ్రీల మీ గదిలో అదే వాట్లకు అది 95 గీతను తాకుతుంది. గది గాలి ఎన్ని డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ కూడా దాదాపు అన్ని డిగ్రీలూ పెరుగుతుంది.

ఇక అంకెల్లోకి వద్దాం. 7950ఎక్స్ డబ్బా మీద 170 వాట్లు అని ఉంటుంది. కానీ అన్ని కోర్లూ పని చేస్తున్నప్పుడు సాకెట్ (మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు) ద్వారా అది తీసుకోగల విద్యుత్తు 230 వాట్ల వరకు ఉంటుంది. గది 38 డిగ్రీలైతే 95 గీతకు మిగిలిన ఎడం 57 డిగ్రీలు. 230 వాట్లను ఆ 57 డిగ్రీల ఎడంలో దాటించాలంటే, వాట్ ఒక్కింటికి పావు డిగ్రీకి మించి పెరగని ఏర్పాటు ఉండాలి. రేకుల దొంతరలు రెండు నిలువుగా ఉండే పెద్ద జంట గోపురాల కూలర్లకే ఇది కష్టసాధ్యం. అదే 88 వాట్ల ప్రాసెసర్ అయితే వాట్‌కు 0.65 డిగ్రీ వరకు పెరిగినా ఫరవాలేదు, ఆ పని ఒక మామూలు 120 మి.మీ. కూలర్ నెమ్మదిగా తిరుగుతూనే చేసిపెడుతుంది. క్యాబినెట్ ఎంత ఉండాలో తేల్చేది ప్రాసెసర్ వాట్లేనని నేను పట్టుబట్టేది ఇందుకే. లీటర్ల లెక్క ఆ తరువాతి మాట.

కాబట్టి మీ ప్రాసెసర్ ఎంపికనే ముందు కొంచెం సవరించుకోవలసిందిగా కోరుతున్నాను. డబ్ల్యూఆర్‌ఎఫ్ వంటి నమూనాల్లో కోర్లు చాలాసేపు మెమరీ నుంచి అంకెలు ఎప్పుడు వస్తాయా అని ఎదురుచూస్తూ ఉంటాయి. రెండు చానళ్ల డీడీఆర్5-5200 మెమరీ సెకనుకు గరిష్ఠంగా 83 గిగాబైట్లు అందించగలదు. ఆ దారిని 12 కోర్లు పంచుకున్నా, 16 కోర్లు పంచుకున్నా దాని వెడల్పు మారదు. మీ పనికి 16 కోర్లకు పెట్టే అదనపు డబ్బు, అవి పుట్టించే అదనపు వేడి పూర్తి ఫలితాన్ని ఇవ్వవు. 2023 జనవరిలో వచ్చిన రైజెన్ 9 7900 అనే 12 కోర్ల ప్రాసెసర్ 65 వాట్ల తరగతికి చెందినది, సాకెట్ వద్ద దాని పరిమితి 88 వాట్లు. తెరకు బొమ్మ చూపేపాటి గ్రాఫిక్స్ అందులోనే ఉన్నాయి కనుక విడిగా కార్డు అక్కరలేదు. మీ స్థానంలో ఉంటే నేను దాన్నే తీసుకుంటాను.

ఒకవేళ 16 కోర్ల ప్రాసెసర్ ఇప్పటికే కొనేసి ఉంటే అది వృథా అయినట్టేమీ కాదు. బయోస్‌లో (మదర్‌బోర్డు మూల అమరికలు మార్చుకునే చోట) ఎకో మోడ్ అనే అమరిక ఉంటుంది. 105 వాట్ల ఎకో మోడ్ పెడితే సాకెట్ పరిమితి 142 వాట్లకు, 65 వాట్లది పెడితే 88 వాట్లకు దిగుతుంది. 230 నుంచి 142కు రావడమంటే విద్యుత్తు దాదాపు 38 శాతం తగ్గినట్టు, కానీ పని వేగం అందులో చిన్న భాగం మాత్రమే తగ్గుతుంది. చివరి కొద్దిపాటి వేగం కోసం ప్రాసెసర్ వోల్టేజిని బాగా పెంచుకోవలసి వస్తుంది, ఖర్చయ్యే విద్యుత్తు వోల్టేజి వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఆ చివరి అంచును వదులుకుంటే వేడిలో పెద్ద వాటా దానితోపాటే పోతుంది. ఏకబిగిన పనిచేసే యంత్రానికి ఇంతకంటే లాభసాటి అమరిక మరొకటి లేదు, దానికి ఒక్క రూపాయి కూడా ఖర్చు కాదు.

ఇప్పుడు క్యాబినెట్ సంగతి. సంతలో దొరికే చిన్న క్యాబినెట్లలో ఎక్కువ భాగం ఆటలాడేవారి కోసం, అంటే పెద్ద గ్రాఫిక్స్ కార్డును ఎలాగైనా ఇరికించడం కోసం గీసినవి. మదర్‌బోర్డును ఒక గదిలోనూ, గ్రాఫిక్స్ కార్డును దాని వీపు వెనక మరో గదిలోనూ పెట్టే అమరిక వీటిలో బాగా కనిపిస్తుంది. ఆ అమరికలో ప్రాసెసర్ కూలర్‌కు మిగిలే ఎత్తు చాలా తక్కువ. 7.2 లీటర్ల డాన్ ఏ4-ఎస్‌ఎఫ్‌ఎక్స్‌లో 48 మి.మీ., 10.4 లీటర్ల ఫ్రాక్టల్ టెర్రాలో అత్యధికంగా 77 మి.మీ. గ్రాఫిక్స్ కార్డే లేని మీ యంత్రంలో ఆ రెండో గది ఖాళీగా పడి ఉంటుంది, ప్రాసెసరేమో ఇవతలి ఇరుకు గదిలో ఉక్కిరిబిక్కిరవుతుంది. మీ పనికి ఆ నమూనా పూర్తిగా తలకిందులైనది. మీకు కావలసింది ఒకే గది ఉండి, నిలువు గోపురం కూలర్ పట్టేంత వెడల్పు ఉన్న క్యాబినెట్. 18.25 లీటర్ల కూలర్ మాస్టర్ ఎన్‌ఆర్200లో చిల్లుల రేకు పక్కతలుపు పెడితే 155 మి.మీ. ఎత్తు కూలర్ పడుతుంది. గ్రాఫిక్స్ కార్డు ఉండవలసిన చోటు కింద రెండు 120 మి.మీ. ఫ్యాన్లు పెట్టుకోవచ్చు, అవి పీల్చే గాలి ఏ అడ్డూ లేకుండా నేరుగా కూలర్‌కే చేరుతుంది. కార్డు లేకపోవడం ఇక్కడ మీకు కలిసొచ్చే విషయం. అదే క్యాబినెట్ కొనాలని నేననడం లేదు, పదిహేను నుంచి ఇరవై లీటర్ల మధ్య అదే పొందికతో ఏది దొరికినా చాలు. పది లీటర్లకు, పద్దెనిమిది లీటర్లకు తేడా బల్ల మీద ఒక లావుపాటి పుస్తకమంత చోటే, దానివల్ల కూలర్‌కు దొరికే ఎత్తు మాత్రం రెండింతలవుతుంది.

కొలతల దగ్గర మాత్రం మిల్లీమీటరు కూడా వదలకండి. 155 మి.మీ. చోటులో 158 మి.మీ. ఉండే నాక్టువా ఎన్‌హెచ్-యు12ఎస్ పట్టదు, తలుపు మూసుకోదు. గాజు తలుపు పెడితే ఆ చోటు మరో రెండు మిల్లీమీటర్లు తగ్గవచ్చు. గాజును నేనెలాగూ వద్దంటాను. అందంగా ఉంటుంది నిజమే, కానీ గాలి రావలసిన అతి పెద్ద కిటికీని అది మూసేస్తుంది. కూలర్ ఎత్తు, క్యాబినెట్‌లో అందుకు ఇచ్చిన చోటు, మెమరీ కడ్డీల ఎత్తు, ఈ మూడింటినీ తయారీదారుల పేజీల్లో చూసి కాగితం మీద రాసుకొని దుకాణానికి వెళ్లండి. మెమరీకి రంగు దీపాల టోపీలున్న ఎత్తు కడ్డీలు వద్దు.

పది లీటర్లే కావాలని మీరు గట్టిగా అనుకుంటే దానికీ ఒక దారి ఉంది. 70 మి.మీ. ఎత్తుండే నాక్టువా ఎన్‌హెచ్-ఎల్12ఎస్ వంటి బల్లపరుపు కూలర్‌తో, 88 వాట్ల పరిమితికి మించకుండా నడపవచ్చు. ఇలాంటి కూలర్ గాలిని మదర్‌బోర్డు మీదికి కిందికి ఊదుతుంది కాబట్టి చుట్టూ ఉన్న వోల్టేజి భాగాలు, మెమరీ కూడా చల్లబడతాయి, ఆ మేలు గోపురం కూలర్లలో తక్కువ. అయితే ఇక్కడ చాలామంది గమనించని చిక్కు ఒకటుంది. ఫ్యానుకూ చిల్లుల పక్కతలుపుకూ మధ్య ఒకటిన్నర సెంటీమీటరు సందు మిగిలితే, ఫ్యాను బయటి గాలికి బదులు తాను ఇప్పుడే వేడి చేసి వదిలిన గాలినే ఆ సందులోంచి మళ్లీ పీల్చుకుంటుంది. ఫ్యాను అంచు చుట్టూ ఆ సందుకు సరిపడా మందం ఉన్న ఫోమ్ షీటును వలయంగా కత్తిరించి అంటిస్తే, అది తలుపుకు ఆనుకొని ఫ్యాను బయటి గాలిని మాత్రమే పీల్చేటట్టు చేస్తుంది. స్కూలు పిల్లల క్రాఫ్టు పనికి అమ్మే ఈవీఏ ఫోమ్ చాలు. ఖర్చు స్వల్పం, ఫలితం మాత్రం థర్మామీటరులో స్పష్టంగా కనిపిస్తుంది.

గాలి ఎంత కావాలో మీరే లెక్క వేసుకోవచ్చు. 35 డిగ్రీల గాలి క్యాబినెట్‌లోంచి పోతూ పది డిగ్రీలు మాత్రమే వేడెక్కాలంటే, ప్రతి 100 వాట్లకు గంటకు సుమారు 30 ఘనపు మీటర్ల గాలి పారాలి. ప్రాసెసర్ 88 వాట్ల దగ్గర నడుస్తుంటే మదర్‌బోర్డు, మెమరీ, ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటును కంప్యూటర్‌కు తగ్గట్టు మార్చి ఇచ్చే భాగం) నష్టాలతో కలిపి మొత్తం 140 వాట్లు అనుకుందాం, అప్పుడు సుమారు 44 ఘనపు మీటర్లు చాలు. 230 వాట్ల ప్రాసెసర్‌తో మొత్తం 320 వాట్లయితే సుమారు వంద ఘనపు మీటర్లు కావాలి. మంచి 120 మి.మీ. ఫ్యాను డబ్బా మీద వంద దాకా రాసి ఉండవచ్చు, కానీ అది ముందూ వెనకా ఏ అడ్డూ లేనప్పుడు పూర్తి వేగంతో తిరిగితే వచ్చే అంకె. దుమ్ము జాలీ, చిల్లుల రేకు, వైర్ల గుత్తి దాటేసరికి అందులో సగం మిగిలినా గొప్పే. అందువల్ల నెమ్మదిగా తిరిగే ఫ్యాన్లు రెండు కింద నుంచి పీల్చేలా, ఒకటి రెండు పైన లేదా వెనక నుంచి తోసేలా పెట్టించండి. పీల్చేవి తోసేవాటికంటే కాస్త ఎక్కువగా ఉంటే గాలి జాలీ ఉన్న దారిలోనే లోపలికి వస్తుంది, సందు సందునా దుమ్ము దూరదు. బిగించాక ఒక పలుచని టిష్యూ కాగితం ముక్కను ఒక్కో జాలీ దగ్గర పట్టి చూడండి. పీల్చే చోట అది జాలీకి అతుక్కోవాలి, తోసే చోట రెపరెపలాడాలి. ఎక్కడా కదలకపోతే ఆ ఫ్యాను తిరుగుతున్నా పని చేయనట్టే.

నీటితో చల్లబరిచే కూలర్ పెట్టుకుంటే ఏమవుతుందని మీకు అనిపించవచ్చు. అందులోని నీరు వేడిని మరికొన్ని నిమిషాలు దాచుకోగలదు, అంతే. ఆ తరువాత రేడియేటర్ లోంచి పోవలసింది మళ్లీ అదే గది గాలి. పంపు ఆగిపోతే లెక్క మధ్యలోనే ఆగుతుంది, దాన్ని విడిగా మార్చడం చాలా కూలర్లలో కుదరదు. గాలి కూలర్ ఫ్యాను పాడైతే ఏ 120 మి.మీ. ఫ్యాను తెచ్చుకున్నా పావుగంటలో మార్చుకోవచ్చు. మనిషి పక్కన లేకుండా రాత్రంతా నడిచే యంత్రానికి గాలి కూలరే నా మొదటి ఎంపిక.

మదర్‌బోర్డు మినీ ఐటీఎక్స్ తీసుకుంటే అది 170 మి.మీ. చదరం, మెమరీ కడ్డీలకు రెండే చోట్లు. మీకు ఇది లోటు కాదు. ఈ ప్రాసెసర్లలో రెండు కడ్డీలతో అధికారికంగా 5200 వేగం వస్తే, నాలుగు కడ్డీలతో 3600కే హామీ ఉంది. మెమరీ వేగమే ప్రాణమైన మీ లెక్కలకు రెండు పెద్ద కడ్డీలే మేలు. చాలా మినీ ఐటీఎక్స్ బోర్డుల్లో రెండో ఎస్‌ఎస్‌డీ చోటు బోర్డు వీపున ఉంటుంది, అక్కడ గాలి ఆడదు. గంటల తరబడి ఫైళ్లు రాసే ఎస్‌ఎస్‌డీని తప్పనిసరిగా ముందువైపు, రేకు తొడుగు ఉన్న చోటనే పెట్టించండి. ఎస్‌ఎంపీఎస్ విషయంలో చిన్న క్యాబినెట్లకు ఎస్‌ఎఫ్‌ఎక్స్ కొలత కావాలి. 450 నుంచి 550 వాట్లది ధారాళంగా సరిపోతుంది. 40 డిగ్రీల దగ్గర పూర్తి వాట్లు ఇస్తుందా, 50 దగ్గరా అన్నది చూసి 50 డిగ్రీలదే కొనండి, మన వేసవిలో క్యాబినెట్ లోపలి గాలి 40 దాటడం మామూలే.

యంత్రాన్ని ఎక్కడ పెడతారన్నదీ ఈ ఎంపికలో భాగమే. షోకేసులోనూ, బట్టల బీరువా అరలోనూ పెట్టకండి. వెనక, పక్కల కనీసం జానెడు ఖాళీ ఉండాలి. నేల మీద పెడితే కింద నుంచి పీల్చే ఫ్యాన్లు ఊడ్చే దుమ్మునూ, తడిగుడ్డ పెట్టినప్పటి చెమ్మనూ లాక్కుంటాయి, కనుక పీట మీదనైనా ఎత్తి పెట్టండి. అగరుబత్తులు వెలిగించే చోటికి దూరంగా ఉంచండి. ఆ పొగలోని జిడ్డు జాలీకి పట్టి, దాని మీద దుమ్ము అట్టలా పేరుకుంటుంది. వెనకవైపు వాడని స్లాట్లన్నిటికీ రేకులు బిగించే ఉంచండి. వెచ్చదనానికి బల్లులు లోపలికి చేరి ఎస్‌ఎంపీఎస్‌ను కాల్చేయడం మన ప్రాంతంలో మరమ్మతు చేసేవారికి బాగా తెలిసిన సంగతి. 140 వాట్లు రాత్రంతా గదిలోకే వస్తాయి కాబట్టి కిటికీ తెరిచి ఉంచండి. శేషాచలం కొండల పాదాన వేసవి రాత్రి గాలి ఎంత ఆలస్యంగా చల్లబడుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. మే నెలలో పెద్ద లెక్కలను అర్ధరాత్రి దాటాక మొదలుపెట్టడం మంచిది. సీలింగ్ ఫ్యాను గాలిని కదిలిస్తుందే తప్ప గది ఉష్ణోగ్రతను తగ్గించదు.

కరెంటు పోయినప్పుడు రెండు రోజుల లెక్క మొదటికి రాకుండా యూపీఎస్ పెట్టుకోండి. దాని మీద వీఏ అంకె పెద్దగా, వాట్ల అంకె చిన్నగా ఉంటుంది, మీరు చూడవలసింది వాట్లే. డబ్ల్యూఆర్‌ఎఫ్‌లో ఆగిన చోటి నుంచి మళ్లీ మొదలుపెట్టేందుకు పనికొచ్చే రీస్టార్ట్ ఫైళ్లను కొన్ని గంటలకొకసారి రాసేలా అమర్చుకుంటే మిగిలిన భయం కూడా తీరుతుంది. 140 వాట్ల యంత్రం రెండు రోజులు నడిస్తే 6.7 యూనిట్లు, 320 వాట్లదైతే 15.4 యూనిట్లు. విద్యార్థి కరెంటు బిల్లుకు ఇదీ చిన్న తేడా కాదు.

ప్రశ్న (చిత్తూరు నుంచి ఒక వీడియో స్టూడియో యజమాని): పెళ్లి వీడియోలు ఎడిట్ చేసి ఇస్తుంటాను. నా దగ్గర కోర్ ఐ7-14700కె ప్రాసెసర్, మైక్రో ఏటీఎక్స్ మదర్‌బోర్డు, ముందువైపు గాజు ఉన్న క్యాబినెట్ ఉన్నాయి. అది బల్ల కింద చెక్క అరలో ఉంటుంది. వీడియో ఎక్స్‌పోర్ట్ పెట్టగానే వేగంగా వెళ్లి, తరువాత మందగిస్తుంది. ముహూర్తాల సీజన్‌లో గంటల తరబడి ఇదే తంతు. పెద్ద క్యాబినెట్, 360 మి.మీ. నీటి కూలర్ పెట్టమంటున్నారు. నాకు చోటు లేదు. చిన్న క్యాబినెట్‌తోనే కుదురుతుందా?

జవాబు: కుదురుతుంది. కానీ ఏదైనా కొనేముందు మందగించడానికి కారణం వేడేనా అన్నది తేల్చుకోండి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిచిపెట్టి ఎక్స్‌పోర్ట్ నడపండి. వేగం పడిపోయిన క్షణాన ప్రాసెసర్ 100 డిగ్రీల దగ్గర ఉంటే అది వేడి సమస్య. డెబ్బై, ఎనభై డిగ్రీల్లోనే ఉండి విద్యుత్తు సరిగ్గా 125 వాట్లకు దిగి నిలిచిపోతే మాత్రం అది బయోస్‌లోని పరిమితి చేస్తున్న పని. ఈ ప్రాసెసర్‌కు మూల విద్యుత్తు 125 వాట్లు, గరిష్ఠం 253 వాట్లు. కొన్ని బోర్డులు కాసేపు గరిష్ఠం ఇచ్చి తరువాత మూలానికి దించుతాయి. ఆ రెండో సందర్భంలో ఎంత పెద్ద క్యాబినెట్ కొన్నా ఒక్క సెకను కూడా ఆదా కాదు.

వేడే కారణమని తేలితే, యంత్రాన్ని చెక్క అరలోంచి బయటికి తీసి బల్ల మీద పెట్టి అదే వీడియోను మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయండి. ఆ తరువాత పక్కతలుపు తీసేసి మరోసారి చేయండి. అర నుంచి తీసినప్పుడు వేడి ఎంత తగ్గిందో అది మీ బల్ల తప్పు, తలుపు తీసినప్పుడు ఎంత తగ్గిందో అది క్యాబినెట్ తప్పు. తలుపు తీసినా మార్పు లేకపోతే కూలర్‌దే లోపం. థర్మల్ పేస్ట్ ఎండిపోయిందేమో, రేకుల మధ్య దుమ్ము పేరుకుందేమో చూడండి. తలుపు తీసినప్పుడు ఐదారు డిగ్రీలకు మించి తగ్గితేనే క్యాబినెట్ మార్చడం గురించి ఆలోచించండి.

మార్చవలసి వస్తే, ముందు భాగం నిండా చిల్లుల రేకు ఉన్న మైక్రో ఏటీఎక్స్ క్యాబినెట్ చూడండి. 33 లీటర్ల ఆసుస్ ప్రైమ్ ఏపీ201 అలాంటిది, అందులో 170 మి.మీ. కూలర్ పడుతుంది. అంటే జంట గోపురాల పెద్ద గాలి కూలర్‌కే చోటుంది, నీటి కూలర్ అక్కరలేదు. దానితోపాటు బయోస్‌లో దీర్ఘకాలిక విద్యుత్ పరిమితిని 150 వాట్ల చుట్టుపక్కల పెట్టండి. పైవారికి ఎకో మోడ్ గురించి చెప్పిన కారణమే మీకూ వర్తిస్తుంది. మీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో క్విక్ సింక్ ఎంచుకునే వీలుంటే ఆల్బమ్ కాపీల వంటి మామూలు ఎక్స్‌పోర్ట్‌లకు దాన్నే వాడండి. ఆ పనిని ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ భాగం చేసేస్తుంది, కోర్లకు భారం తగ్గుతుంది.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పి తీరాలి. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో వోల్టేజి అవసరానికి మించి పెరిగి, కాలక్రమంలో అస్థిరత వచ్చే దోషం ఉందని 2024లో ఆ సంస్థే ప్రకటించి, మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ఆదేశాల) సవరణలు విడుదల చేసింది. మీ ప్రాసెసర్ ఆ కోవలోదే. మీ బోర్డు తయారీదారు పేజీ నుంచి తాజా బయోస్ ఎక్కించుకోండి. డబ్బాగా కొన్న ఈ ప్రాసెసర్లకు వారంటీని కూడా రెండేళ్లు పొడిగించారు, కాబట్టి బిల్లు జాగ్రత్తగా ఉంచండి. ఎక్స్‌పోర్ట్ మధ్యలో సాఫ్ట్‌వేర్ తరచు మూసుకుపోతుంటే అది క్యాబినెట్ వేడి వల్ల కాకపోవచ్చు.

ప్రశ్న (శ్రీకాళహస్తి నుంచి ఒక పాఠకుడు): కొత్తగా తీసుకున్న చిన్న అల్యూమినియం క్యాబినెట్‌ను ముట్టుకుంటే వేళ్లకు జిల్లుమంటోంది. దీన్ని మార్చి ప్లాస్టిక్‌ది తీసుకోవాలా?

జవాబు: క్యాబినెట్ మార్చకండి, గోడ సాకెట్‌ను చూపించండి. ఎస్‌ఎంపీఎస్ లోపల విద్యుత్ అలజడిని వడగట్టే రెండు చిన్న కెపాసిటర్లు క్యాబినెట్ రేకుకు కలిపి ఉంటాయి. ఎర్త్ సరిగా ఉంటే వాటి నుంచి వచ్చే కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే రేకు మీద ఇంటి వోల్టేజిలో సుమారు సగం నిలుస్తుంది. కరెంటు స్వల్పం కాబట్టి జిల్లుమని ఊరుకుంటుంది, కానీ ఎస్‌ఎంపీఎస్‌లో నిజమైన లోపం వచ్చిన రోజున ఆ రేకే ప్రాణాంతకం అవుతుంది. రంగు పూసిన ఇనుప రేకు మీద ఇది తెలియకపోవచ్చు, పూత లేని అల్యూమినియం మీద వెంటనే తెలుస్తుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ పిన్నుకు వైరు ఉందా, అది భూమిలోని ఎర్త్ గుంత దాకా చేరుతోందా పరీక్షించమనండి. సాకెట్‌లోనే న్యూట్రల్‌నూ ఎర్త్‌నూ కలిపి ముడి వేసి బాగైందని చెబితే ఒప్పుకోకండి, న్యూట్రల్ వైరు ఎక్కడైనా తెగితే క్యాబినెట్ మీదికి పూర్తి వోల్టేజి వస్తుంది. మూడో పిన్ను లేని ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడుతుంటే ఈ రోజే తీసేయండి. ఎర్త్ సరిచేయించేదాకా ప్లగ్గు పీకి ఉంచండి.